పోరంబోకు అంటే ఏంటి, ఆంటీ?

పోయినవారం మనం జ్ఞానప్రసూనని ఆఫీసు గుమ్మంలో నిలబెట్టి ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. చేతిలో కొత్త తాళాల గుత్తి, మొహాన ప్రారంభోత్సవం కోసం సిద్ధం చేసుకున్న నవ్వు, ఎదురుగా అవని.

ఊరి పేరు డ్రై విల్లో. నెవాడాలో, మ్యాపులో వెతికినా ఒక పట్టాన దొరకని ఊరు. ఒక గ్యాస్ స్టేషన్, ఒక డైనర్, ఎప్పుడో మూతపడ్డ ఫర్నిచర్ షాపు. ఆ షాపునే దులిపి, రంగులేసి, ప్రభుత్వం వాళ్ళు భూముల అమ్మకానికి ఆఫీసు పెడుతున్నారు. చుట్టూ కనుచూపు మేర ఉన్నదంతా సర్కారు నేలే. దాన్ని ముక్కలు చేసి ఇళ్ళకీ గోడౌన్లకీ అమ్ముతారన్నమాట. ఆ ఆఫీసులో కంప్యూటర్ల దగ్గర్నుంచి గోడ మీద మ్యాపు దాకా అన్నీ అమర్చిపెట్టే కాంట్రాక్ట్ టెక్సస్‌లో, కాపెల్‌లో ఉన్న ప్రసూన కంపెనీకి వచ్చింది. ప్రాజెక్ట్ మేనేజర్ ప్రసూన, టెక్ లీడ్ రాజీవ్, ఇద్దరూ చలికాలమంతా ఇక్కడి మోటెల్‌లో మకాం వేసి పని పూర్తిచేశారు. ఇవాళ మధ్యాహ్నం ప్రారంభం. రిబ్బన్ కత్తిరించగానే మొదటి విడత అమ్మకం మొదలు.

అలాంటి రోజు పొద్దున్నే వచ్చింది అవని. ఎవరో పరాయి పిల్లయితే ప్రసూన ఓ కప్పు కాఫీ చేతిలో పెట్టి పంపేసేదే. ఇది చంద్రిక కూతురు. న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో ఉన్న రోజుల్లో చంద్రిక, ప్రసూన ఎదురెదురు అపార్ట్‌మెంట్ల వాళ్ళు, ఒకరింట్లో కూర వండితే రెండో ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఆదివారాలు ప్రసూన పెట్టిన తెలుగు క్లాసులో మొదటి వరుసలో కూర్చుని, ‘ళ’ పలకలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్ల ఇదే. ఇప్పుడు లా చదివి, పక్క ఊళ్ళో లీగల్ ఎయిడ్ ఆఫీసులో పనిచేస్తోంది. చంకలో చుట్టిన మ్యాపు, కళ్ళల్లో కోపం. పోయినవారం చివర్లో అది అడిగిన ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. లేకపోయినా ఫర్వాలేదు, మళ్ళీ అడుగుతోంది.

“పోరంబోకు అంటే ఏంటి, ఆంటీ?”

ప్రసూన వినపడనట్టే నవ్వింది. “లోపలికి రా అమ్మా. ఎప్పుడు బయల్దేరావ్? టిఫిన్ తిన్నావా? అమ్మ ఎలా ఉంది?”

“అమ్మ ఫైన్. ఇది చూడండి.”

కౌంటర్ మీద మ్యాపు పరిచింది అవని. నిండా పసుపు గళ్ళు. ఒక్కో గడిలో ఇంగ్లీషులో పి, ఆర్, ఎమ్, బి, కె అన్న అక్షరాలు. ఆ అక్షరాలుంటే ‘ఖాళీ భూమి, అమ్మకానికి సిద్ధం’ అని అర్థమని మ్యాపు కింద అచ్చువేసి ఉంది.

“ఇక్కడ అందరూ దీన్ని ప్రమ్‌బక్ అంటారు. అది ఏంటో ఎవరికీ తెలీదు. నేను లౌడ్‌గా చదివాను. మళ్ళీ చదివాను. సడన్‌గా మా అమ్మమ్మ వాయిస్ వినిపించింది నాకు. అమ్మమ్మ ఫోన్‌లో మా మామయ్యని తిడుతుంది కదా, పోరంబోకు వెధవ అని. అదేనా ఇది?”

“ఛఛ! అదేం కాదమ్మా. జస్ట్ సిస్టమ్ కోడ్. అలా పెట్టడం జరిగింది.”

“ఎవరు పెట్టారు?”

“అంటే... మొదట్లో, టెస్టింగ్ కోసమని... అలా పెట్టడం జరిగింది.”

అవని తలెత్తి సూటిగా చూసింది. “క్లాస్‌లో మీరు మాకు రెడ్ పెన్సిల్స్ ఇచ్చేవాళ్ళు. ప్రతి సెంటెన్స్‌లో కర్త కింద లైన్ గీయమని. ఈ సెంటెన్స్‌లో కర్త ఎక్కడ ఉంది ఆంటీ?”

ప్రసూన వంగి మ్యాపు అంచు సరిచేసింది. సరిగ్గానే ఉన్నదాన్ని మళ్ళీ సరిచేసింది.

కర్త ఎవరో ఆవిడకి తెలుసు. మీరూ నేనూ బయటివాళ్ళం కాదు కాబట్టి మనకీ తెలియాలి. కాపెల్ ఆఫీసులో ఓ శుక్రవారం సాయంత్రం, భూములన్నిటికీ కంప్యూటర్‌లో రకాలు పెడుతున్నారు. పశువుల మేతకి లీజుకిచ్చినవి, రోడ్లు, గనులు, ఇలా. అన్నీ పోగా ఏ రకంలోనూ చేరని నేల బోలెడు మిగిలింది. దానికో పేరు కావాలి. “దేనికీ పనికిరానిది పోరంబోకే గదా అక్కా!” అన్నాడు రాజీవ్ టీ కలుపుకుంటూ. రాజీవ్‌ది కరీంనగర్. వాడికి ఆ మాట తిట్టుగానే తెలుసు. రూములో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ప్రసూన కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, తన వేళ్ళతోనే, ఆ అక్షరాలు టైప్ చేసింది. తర్వాత మారుద్దాంలే అనుకుంది. మార్చలేదు.

అంతటితో ఆగితే ఇదొక తమాషా, పార్టీల్లో చెప్పుకుని నవ్వుకోవచ్చు. ఆగలేదు. వెళ్ళి చూసి, ఖాళీ అని తేల్చుకున్న నేలతో పాటు, మంచు మూలంగా అసలెవరూ వెళ్ళి చూడని నేల కూడా అదే గడిలో పడింది. ఉత్తరపు లోయ మొత్తం అంతే. ‘స్థలం చూశాం’ అన్నచోట టిక్కు పెట్టందే సిస్టమ్ ముందుకి కదలదు. డెడ్‌లైన్ నెత్తిమీద కూర్చుంది. ప్రసూన టిక్కు పెట్టేసింది.

పైగా పోయినవారం, ఈ ఆఫీసుకి పెద్ద అయిన గ్రెగ్ ‘ఈ మాటేంటి?’ అని అడిగితే, “మా టెక్ టీమ్ పెట్టుకున్న పేరు” అంది. గ్రెగ్ చూపు రాజీవ్ మీదికి వెళ్ళింది. వెళ్ళడం ప్రసూన గమనించింది. గమనించి కూడా నోరు మెదపకుండా లాప్‌టాప్‌లోకి తలదించుకుంది.

“నాతో ఒకసారి రండి,” అంది అవని మ్యాపు చుట్టేస్తూ.

“ఇప్పుడా? మధ్యాహ్నం ఓపెనింగ్ పెట్టుకుని... ఎక్కడికమ్మా?”

“మీరు అమ్ముతున్న ప్లేస్‌కి. ఎప్పుడైనా చూశారా?”

చూడలేదు. ఆ ముక్క పైకి చెప్పడానికి మొహం చెల్లక, ప్రసూన కోటు తీసుకుని కారెక్కింది.

ఊరు దాటాక తారురోడ్డు వదిలి మట్టిబాట పట్టింది కారు. రెండువైపులా బూడిదరంగు పొదలు. అవని చూపు బాట మీదే ఉంది. ప్రసూన మాత్రం, చంద్రిక షుగర్ గురించి, అవని పెళ్ళి గురించి, ఇక్కడ కరివేపాకు దొరకకపోవడం గురించి, నోటికొచ్చిందల్లా మాట్లాడింది. భయం వేస్తే ఆవిడ నోరు ఆగదు. చివరికి ఒక మలుపులో కారాగింది.

చిన్న నీటి ఊట, దాని పక్కన నాలుగు విల్లో చెట్లు, వాటి వెనక వంకరకర్రలతో వేసిన కంచె. కంచె లోపల రాళ్ళ కుప్పలు. ఒకదాని మీద ప్లాస్టిక్ పూలు, ఒకదాని మీద గాలికి తిరిగే రంగు చక్రం, ఒకదాని మీద పిడి విరిగిన కాఫీ కప్పు. అవి సమాధులని ప్రసూనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చలికాలమంతా స్క్రీన్ మీద తను జూమ్ చేసి, జరిపి, రంగు సరిచూసిన పసుపు గడి ఇదేనని మాత్రం నమ్మబుద్ధి కాలేదు.

లోపల ఒక పెద్దావిడ ఎండుగడ్డి ఊడుస్తోంది. పేరు లొరెట్టా. ఈ లోయలో తరతరాలుగా ఉంటున్న నేటివ్ అమెరికన్ కుటుంబాల్లో అందరికంటే పెద్దది. అవనిని చూడగానే చేతిలోది కింద పడేసి దగ్గరికి తీసుకుంది.

“ఈవిడ మా టీచర్,” అని పరిచయం చేసింది అవని ఇంగ్లీషులో. “చిన్నప్పుడు నాకు మా భాష నేర్పింది ఈవిడే.”

అంతే చెప్పింది. ఆఫీసు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ప్రసూనకి కొంత నయంగా ఉండేది. లొరెట్టా తన మడతకుర్చీ గబగబా తుడిచి, “టీచర్‌వా? కూర్చో, కూర్చో” అని ఆ ఉన్న ఒక్క కుర్చీలో ప్రసూనని కూర్చోబెట్టింది. ఫ్లాస్కులోంచి కాఫీ వంచి ఇచ్చింది. మా భాష వచ్చినవాళ్ళు ఇప్పుడు మా ఇంట్లో నేనొక్కదాన్నే, పిల్లలకి నేర్పేవాళ్ళుంటే ఎంత బాగుండేదో అంది. ప్రసూన కప్పులోకి చూస్తూ తలాడించింది.

అప్పుడు కనపడింది ఆ కర్ర. కాఫీ కప్పు ఉన్న సమాధి కాళ్ళ దగ్గర, ఆ టిక్కు చూసి సర్వే కూలీలు కొత్తగా పాతిన హద్దుకర్ర. నెత్తిన నారింజరంగు రిబ్బను. కర్ర మీద నల్ల మార్కర్‌తో పెద్దపెద్ద అక్షరాలు. పి, ఆర్, ఎమ్, బి, కె.

లొరెట్టా ఆవిడ చూపు వెంటే చూసింది. “ఇది మా అమ్మ. పోయిన నెల ఎవరో వచ్చి ఈ కర్ర పాతి వెళ్ళారట. పీకేద్దామంటే గవర్నమెంటు వస్తువు, నేరమవుతుందని ఊరుకున్నాను. అమ్మ పోయినప్పుడు పేరు చెక్కించి రాయి పెట్టే స్తోమత మాకు లేకపోయింది. అందుకని, మొదట చూసినప్పుడు, ఎవరో మంచివాళ్ళు అమ్మకి ఏదో పేరు రాసిపెట్టారనుకున్నాను.” తన తెలివితక్కువకి తనే నవ్వుకుంది. “ఇది మీ భాషలో మాటని అవని అంది. అర్థం అడిగితే, మా టీచర్ని అడుగు, తనే చెప్పాలి అంది. ఏమిటి దీనర్థం?”

అవని చేతులు కట్టుకుని నిలబడింది. సాయం రాలేదు.

ప్రసూన కప్పుని రెండు చేతులా పట్టుకుంది. ఆ ముసలావిడ మొహంలోకి చూసి, పనికిరానిది అని అర్థం అని ఎలా చెప్తుంది? వెధవల్ని తిట్టేటప్పుడు వాడతాం అని ఎలా చెప్తుంది? “అంటే... విశాలమైన నేల అని,” అంది. “చాలా విశాలమైన నేల.”

“పో-రమ్-బో-కు,” అని, అవని నోట విన్నట్టుగా మెల్లగా, తప్పు పోకుండా పలకడానికి ప్రయత్నించింది లొరెట్టా. మళ్ళీ ఒకసారి అంది. రెండోసారి బాగానే వచ్చింది. “మంచి మాట. మా అమ్మకి నచ్చేది. అమ్మకి గోడలంటే గిట్టేది కాదు.”

తల కొట్టేసినట్టయింది ప్రసూనకి. తిట్టి ఉంటే తట్టుకునేది. మీద కాఫీ పోసినా తుడుచుకుని వెళ్ళిపోయేది. తన ఆఫీసులో పదిమంది కలిసి పళ్ళికిలించి పెట్టిన మాటని, తల్లి సమాధి దగ్గర నిలబడి, దేవుడి పేరులా జాగ్రత్తగా పలుకుతోందే ఈ మనిషి! సిగ్గంటే పదిమంది ముందు కలిగేదనుకుంది ఇన్నాళ్ళూ. ఒక్క మనిషి నమ్మితే చాలు, అంతకంటే ఎక్కువే కలుగుతుందని అప్పుడు తెలిసింది. తాగలేక, పారబోయలేక ఆ కాఫీ చేతిలోనే చల్లారబెట్టుకుంది.

తిరుగుదారిలో అవని అంది. “ఇంగ్లీష్‌లో అబద్ధం చెప్పారు. నాకు తెలుగులో నిజం చెప్పండి.”

“నాకు తెలీదమ్మా...”

“మాట అర్థం తెలీకుండా వాడకూడదు అన్నారు కదా మీరు!”

“తెలుసే! తెలుసు!” అని అరిచింది ప్రసూన. “నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మా నాన్న రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా చేశారు. పరంధామయ్యగారంటే మా ప్రకాశం జిల్లాలో తెలియని కరణం లేడు. సెలవుల్లో మోపెడ్ మీద నన్ను వెనకాల కూర్చోబెట్టుకుని ఊళ్ళు తిప్పేవారు. ఇదిగో ఇది వాగు పోరంబోకు, ఇది రస్తా పోరంబోకు, అదిగో అటు చూడు, శ్మశానం పోరంబోకు, అని వేలు పెట్టి చూపించేవారు. ఇది ఎవరిదీ కాదా నాన్నా అని అడిగాను నేను. కాదే పిచ్చి మొద్దూ, ఇది అందరిదీ, అందుకే ఎవరికీ పట్టా ఇవ్వకూడదు అన్నారు.”

అవని కారుని పక్కకి తీసి ఆపేసింది. “వెయిట్. అంటే, అమ్మకూడదు అని అర్థమా?”

“ఊళ్ళో అందరికీ కావలసిన నేల. శిస్తు వెయ్యరు, ఎవరి పేరునా రాయరు, అమ్మరు. శిస్తు రాదు కాబట్టి పనికిరానిదని వాడుకలో తిట్టయి కూర్చుంది. రాజీవ్ వాళ్ళ వైపు ఆ మాట తిట్టుకే వాడతారు, వాడికేం తెలుసు? నాకు తెలుసుగా! నా చెవులతో విన్నానుగా!”

“సో, మీరు నాట్-ఫర్-సేల్ అన్న మాటని తీసుకెళ్ళి ఫర్-సేల్ అన్న బాక్స్‌లో పెట్టారు.”

ప్రసూన అద్దంలోంచి వెనక బాటకేసి చూసింది. శ్మశానం పోరంబోకు. తండ్రి వేలు పెట్టి చూపించిన మాటే అది. ఆ మాటే తీసుకెళ్ళి ఒక శ్మశానం మీద కర్రకి రాయించి పాతించింది. ఆయన ఉండి ఉంటే ఏమనేవారో ఊహించుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. కొంగు లేదు కాబట్టి కోటు చేతితోనే కళ్ళు తుడుచుకుంది.

“ఈ మధ్యాహ్నం అందరి ముందూ ఇదే చెప్పండి ఆంటీ,” అంది అవని. ఈసారి దాని గొంతులో కోపం లేదు. “లొరెట్టా వస్తుంది. అమ్మకం ఒకసారి మొదలైతే, ఆపడానికి నాకు చాలా టైమ్ పడుతుంది. అప్పటికి ఆ కంచె ఉండదు.”

“చెప్తాను,” అంది ప్రసూన.

ఆఫీసుకి వచ్చేసరికి అక్కడ జాతరలా ఉంది. బయట పికప్ ట్రక్కులు, లోపల డోనట్లు, గోడ పొడుగునా పసుపు మ్యాపు. ఇళ్ళు కట్టి అమ్మేవాళ్ళు, పశువులవాళ్ళు, ఊరిపెద్దలు, జిల్లా పేపర్ నుంచి ఒక అమ్మాయి. కొత్త చొక్కా వేసుకుని, మెడలో బ్యాడ్జీతో రాజీవ్ ఎదురొచ్చాడు.

“ఎటు పోయిన్రు అక్కా? గ్రెగ్ రెండుసార్లు అడిగిండు. సర్వర్ మస్తుగ నడుస్తుంది, మీరేం పరేషాన్ గాకండి.” గొంతు తగ్గించి, సిగ్గుపడుతూ అన్నాడు. “స్మృతి ఇందాక మెసేజ్ పెట్టింది. ఈ ప్రాజెక్ట్ అయిపోతే అక్క మన H-1B వీసా పేపర్లు కదిలిస్తదా అని. నేనన్న, అక్క మాటిచ్చింది, ఇంక ఫికర్ ఏంది అని.”

స్మృతి రాజీవ్ భార్య. కాపెల్‌లో ఉంటోంది. ఈ ఉద్యోగం ఊడితే వాళ్ళిద్దరూ సామాను సర్దుకోవడానికి కూడా సరిగ్గా టైమ్ ఇవ్వరు ఈ దేశంలో. ఆ సంగతి రాజీవ్‌కీ తెలుసు, ప్రసూనకీ తెలుసు.

గ్రెగ్ మాట్లాడాడు. రిబ్బన్ తెగింది. చప్పట్లు అయ్యాయి. ఎవరైనా ఏమైనా అడగాలా అని గ్రెగ్ మాటవరసకి అన్నాడో లేదో, వెనకవరసలోంచి లొరెట్టా లేచింది. మైకు దాకా నడిచి వచ్చాక, గ్రెగ్ పక్కన, ఆఫీసు బ్యాడ్జీ పెట్టుకుని నిలబడ్డ ప్రసూనని చూసింది. చూసి ఆగిపోయింది. పొద్దున కుర్చీ తుడిచి ఇచ్చింది ఎవరికో ఆవిడకి అప్పుడే అర్థమైంది. మొహంలో కోపం రాలేదు.

“టీచర్,” అంది. “నువ్వు ఈ మాటకి విశాలమైన నేల అని అర్థం చెప్పావు. అంత మంచి మాట రాసిన నేలని ఎందుకు అమ్ముతున్నారు? నీ నోటితో ఇంకోసారి చెప్పు, అందరం వింటాం.”

గ్రెగ్ ప్రసూన చెవి దగ్గరికి వంగి, అది ఆఫీసు కోడ్ మాత్రమేనని చెప్పి ముగించెయ్ అన్నాడు. ప్రసూన మైకు అందుకుంది.

“పొద్దున నీకు అబద్ధం చెప్పాను,” అంది లొరెట్టాతో. “అది మా భాషలో తిట్టు. పనికిమాలినవాడు అని. మేమంతా నవ్వుకుంటూ ఆ పేరు పెట్టాం. తిట్టు కాకముందు దానికి వేరే అర్థం ఉంది. అందరిదీ అయిన నేల, ఎవరూ అమ్మకూడని నేల అని. మా నాన్న నాకు నేర్పిన అర్థం అదే. ఉత్తరపు లోయని ఎవరూ వెళ్ళి చూడలేదు. అక్కడ మీ అమ్మ సమాధి ఉందని మాకు తెలియదు. తెలుసుకోకుండానే ఖాళీ అని రాయడం జరిగింది.”

పేపర్ అమ్మాయి గబగబా రాసుకుంటోంది. గ్రెగ్ మెడ ఎర్రబడింది. గోడ మీది మ్యాపునీ, పేపర్ అమ్మాయినీ మార్చిమార్చి చూసి, చివరికి తనే మైకు లాక్కున్నాడు. ఉత్తరపు లోయ అమ్మకం ఇవాళ జరగదు, విచారణ అయ్యేదాకా ఆపేస్తున్నాం అన్నాడు. వెనకవరసలో ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. అవని రెండు చేతులతో మొహం కప్పుకుంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ప్రసూనకి పొద్దున్నుంచీ గుండె మీద ఉన్న బరువు దిగినట్టే అనిపించింది.

దిగిందనుకుంది అంతే. గ్రెగ్ ఇంకా అయిపోలేదు. “ఆ మాట సిస్టమ్‌లో పెట్టింది ఎవరు? చూడకుండా చూశామని టిక్కు పెట్టింది ఎవరు? నాకు పేరు కావాలి. ఇప్పుడే.”

నేను. ఒక్క చిన్న మాట. తెలుగులోనూ చిన్నదే, ఇంగ్లీషులో ఇంకా చిన్నది. ప్రసూన పెదవులు విడివడ్డాయి. పేపర్ అమ్మాయి పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. తన పేరు, కంపెనీ పేరు, కాపెల్‌లో తెలిసిన ప్రతి ఇల్లు, ప్రతి వాట్సాప్ గ్రూపు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి. గాలి పీల్చుకుంది. ఇంకొంచెం పీల్చుకుంది.

“ఇట్ వాజ్ మీ.”

అన్నది రాజీవ్. గోడ దగ్గర చెయ్యెత్తి నిలబడ్డాడు, క్లాసులో కుర్రాడిలా. “జోక్ చేసింది నేనే. తప్పు నాదే. ఆవిడకి సంబంధం లేదు.” ప్రసూన వైపు చూసి, భయపడకండి అక్కా అన్నట్టు చిన్నగా తలూపాడు. వాడు నిజంగానే తప్పు తనదేననుకుంటున్నాడు. ఆ శుక్రవారం తన నోటి నుంచి వచ్చిన మాటే కదా అనుకుంటున్నాడు. టైప్ చేసిన వేళ్ళు ఎవరివో, టిక్కు పెట్టిన వేళ్ళు ఎవరివో వాడికి గుర్తే లేదు.

గ్రెగ్ వాణ్ణి లోపలి గదిలోకి రమ్మని వేలితో సైగ చేశాడు. రాజీవ్ వెళ్ళాడు. ప్రసూన నిలబడే ఉంది. పీల్చుకున్న గాలి అలాగే లోపల ఉండిపోయింది.

లొరెట్టా వచ్చి ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. “ఇంతమంది ముందు నిజం చెప్పావు. మీ నాన్న నిన్ను బాగా పెంచాడు,” అంది.

“థాంక్యూ,” అంది ప్రసూన. అన్నాక, తన గొంతు మీద తనకే అసహ్యం వేసింది.

గది తలుపుకి అద్దం ఉంది. అందులోంచి, రాజీవ్ మెడలోంచి బ్యాడ్జీ తీసి, తాడు జాగ్రత్తగా చుట్టి, బల్ల మీద పెట్టడం కనిపిస్తోంది. పక్కకి ఎవరో వచ్చి నిలబడ్డట్టయి ప్రసూన తిరిగింది. అవని. ఈసారి దాని చేతిలో మ్యాపు లేదు.

“ఖాళీ అని రాయడం జరిగింది అన్నారు,” అంది అవని, పక్కవాళ్ళకి వినపడకుండా, తెలుగులో. “కర్త ఎవరు, ఆంటీ?”